బండికి వాలు

ఏడురోడ్ల పక్క సందులో నా అంగడి.
కంప్యూటరు ఒకటి, ఎత్తు తగ్గించిన బల్ల ఒకటి, నేను,
నా కింద రెండు చక్రాలు.
మొన్న ఉగాదికి నూటపదమూడు ఇండ్లు గీసినా ఈ ఊర్లో.
చిన్నచౌకులో ఏ వంటింటి కిటికీ ఎటు తెరుచుకుంటుందో
కండ్లు మూసుకుని చెప్తాను.
లోపలికి పోయి చూసినవి మూడే.
మూడింట్లోకీ నలుగురు ఎత్తుకుని తీస్కపోయినారు,
నీళ్లబిందె ఎత్తినట్టు, తొణక్కుండా.

వచ్చే ప్రతివాడూ కూర్చోకముందే వాస్తు చెప్తాడు.
మెట్లు బేసి ఉండాల. ఈశాన్యం తగ్గకూడదు.
కంటికి కనపడని దిక్కుల కోసం
కట్టిన గోడ పడగొట్టి జానెడు జరిపినోళ్లు నాకు తెలుసు.
దానికి చట్టమేదీ? జరిమానా ఏదీ?
నేను మెల్లగా అడుగుతాను:
ముందర ఒక వాలు పెడదామా సార్?
"మా ఇంట్లో అట్లాంటోళ్లు ఎవురూ లేరు కదమ్మా"
అనేసి, అన్నాక నన్ను చూసి,
నాలుక కరుచుకుని క్యాలెండరు కేసి తిరుగుతాడు.
ముందు కోపమొచ్చేది.
ఇప్పుడు రేటు చెప్తాను.

చట్టం రావాల్సిందే అంటుంది రోసమ్మ.
ఆమెవి ఊతకర్రలు, నోరు మాత్రం నిటారు.
"కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ వాలు. లేదా, ప్లాను తిప్పికొట్టాల."
ఇంకుడుగుంతా చట్టమే రోసమ్మా.
ఇంటికొకటి గీసినా, నీలం గీతతో, గుండ్రంగా.
నేలలో ఎన్నున్నాయో వానకే తెలియదు.
చుట్టూ వదలాల్సిన మూడడుగులు
సంతకం తడి ఆరేలోపు గోడలై లేస్తాయి.
నా వాలూ అట్లే కాగితమ్మీద నీలంగా బతుకుతుందేమో.
"నాలుగిండ్లలోనన్నా నేలకు దిగుతుంది కదే" అంటుంది.
నాలుగు.
దానికి నా దగ్గర జవాబు లేదు.

వాళ్ల మాటా తీసెయ్యలేను.
సెంటున్నర జాగా.
రోడ్డు మీద రోడ్డేసి వీధే ఎదుగుతా ఉంటుంది.
బుగ్గవంక నడింట్లోకొచ్చిన రాత్రి తెలిసినోళ్లను
గడప దించమంటే దించుతారా?
అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు,
మూడడుగులకు ముప్పై ఆరు.
ఇల్లే ఇరవై అడుగులు.
లెక్క నాదే. నన్నే వెక్కిరిస్తుంది.

నూటపద్నాలుగోది చౌడప్పది, ఎర్రముక్కపల్లెలో, మూడు సెంట్లు.
ఆర్టీసీ కండక్టరు. చిల్లర ఎంచినట్టు అంగుళాలు ఎంచుతాడు.
ఆయన్ను అడగలేదు.
గీసేసి పక్కన రాసినా: బండికి వాలు.
"ఇంకొంచెం వెడల్పు పెట్టుమ్మా,
పిల్లోడు బుల్లెట్టు కొంటాడంట" అని మురిసినాడు.
అబద్ధమేం రాయలేదు.
కూర్చుని పోయేదేదైనా బండే.

గృహప్రవేశానికి ముందురోజు దస్తగిరి మేస్త్రి ఫోను:
"కడపబండ గరుగ్గా కొట్టించినా మ్మా. జారదు."
అంతే అన్నాడు, పెట్టేసినాడు.

తెల్లవారుజామున ఆవు మెట్లు చూసి మొరాయించింది.
తోక మెలిపెట్టినారు, అరటిపండు చూపినారు, ఊహూ.
పక్కకు తిరిగి, వాలెక్కి, లోపలికి పోయింది.
మంచి శకునమన్నారు.
దాని వెనకాలే నేను, పేడ తప్పించుకుంటా,
నా చేతులతో నేను.

హాలు గీసినట్టే ఉంది, వెలుతురు మాత్రం నేను గీయనంత.
కిటికీ కింద పాలు పొంగుతున్నాయి.
సుంకులమ్మ పాయసం ఇచ్చింది, నీళ్లు రెండు గ్లాసులిచ్చింది.
తాగినా. కాసేపటికి తెలిసింది
స్నానాలగది తలుపు రెండడుగులని.
నా కుర్చీ రెండడుగుల రెండంగుళాలు.
గీసిందెవరు?
అందరికీ గీసినట్టే, చేతి అలవాటుగా, నేనే.

రోసమ్మకు చెప్పలేదు ఇది.
పొద్దున అంగడి తెరిచి
ఖాళీ ప్లానులో ఆ తలుపు మీద రెండుసార్లు నొక్కి
మూడడుగులు చేసినా.
ఆ ఇంటివాళ్లు ఇంకా రాలేదు.